ఉప్పునీళ్ళూ, పటికా, మాస్కో పుస్తకాలూ

మార్కాపురం అనగానే బయటివాళ్ళకి గుర్తొచ్చేది పలక. నేలలోంచి రాయి తీసి, పొరలుగా చీల్చి, చెక్క ఫ్రేము బిగించి దూరదూరాలకి పంపిన ఊరు. ఆ పలక మీద అక్షరాలు దిద్దినవాడు ఆ తర్వాత సొంతంగా ఫిజిక్సో కెమిస్ట్రీయో నేర్చుకుందామంటే మాత్రం, నా చిన్నప్పుడు చేతికందేవి రెండే: క్లాసు పుస్తకం, దానికి గైడు.

ఈ వెదుకులాట నాకంటే చాలా పాతది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావూ ఆయన మిత్రులూ హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, చరిత్రతో పాటు సైన్సు పుస్తకాలు కూడా తెలుగులో వేశారు. పాత తెలుగు సైన్సు రాతల్లోని ఉదజని, ఆమ్లజని, నత్రజని అన్న మాటల్ని చూసి ఇంటర్లో నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. ఆక్సిజన్ అన్నప్పుడు మనకి ఏమీ తోచదు. ఆమ్లజని అంటే ‘ఆమ్లాన్ని పుట్టించేది’ అని మాటే చెప్పేస్తుంది. వెంటనే అనుమానం రావాలి: మరి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేదే? ఆమ్లాలన్నిటికీ మూలం ఆక్సిజనేనని లవోసియే పొరబడ్డాడు. ఆ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తర్వాత హంఫ్రీ డేవీ తేల్చాడు. తప్పు పేరులోనే ఉండిపోయింది. ఇంగ్లీషు పేరులో దాక్కున్న ఆ కథ తెలుగు పేరులో బయటపడింది.

1968లో తెలుగు అకాడమీ వచ్చాక ఇంటర్, డిగ్రీ పాఠాలు తెలుగులో చదివే వీలు కలిగింది. అది చిన్న పని కాదు. కాకపోతే పాఠ్యపుస్తకం ఎదురుగా మాస్టారు ఉన్నాడని నమ్ముకుని రాసేది. ఒంటరిగా చదివేవాడు మూడో పేజీలో ఆగిపోతే చెయ్యి పట్టుకునేవాళ్ళుండరు.

నా చెయ్యి పట్టుకున్నవాడు పెరెల్మాన్. 1913లో రష్యన్‌లో తొలిసారి వచ్చిన ఆయన వినోద భౌతికశాస్త్రం మాస్కో నుంచి తెలుగులోకీ వచ్చింది. ఆ మనిషి 1942లో, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో చనిపోయాడని చాలా ఏళ్ళకి గాని నాకు తెలీదు. మరుగుతున్న నీళ్ళలో గిన్నె వేలాడదీస్తే, గిన్నెలో నీళ్ళు మరుగుతాయా అని ఆయన అడుగుతాడు. వేలాడదీశాను. ఎంతసేపున్నా మరగలేదు. బయటి నీళ్ళలో ఉప్పు గుమ్మరించాక మరిగాయి. “ఏందిరా నాయనా, పొయ్యి మీద ఉప్పునీళ్ళు కాగబెడతా ఉండావు?” అంది అమ్మ. మరిగే ఉష్ణోగ్రత పెరగడమంటే ఏమిటో ఆ పూట అర్థమైంది.

కెమిస్ట్రీకి అలాంటి తోడు దొరకలేదు. వేమూరి వేంకటేశ్వరరావు ‘రసగంధాయ రసాయనం’ నా చేతికి వచ్చేసరికి ఆలస్యమైంది. ఈలోగా ద్రావణీయతా లబ్ధం కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది మా బోరునీళ్ళ లెక్కేనని నాకు తట్టలేదు.

దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి, కర్నూలు నుంచి మా మార్కాపురం, గిద్దలూరు 1970లో ఒకే కొత్త జిల్లాలోకి వచ్చాయి. గార పట్టిన పళ్ళు, వంగిన నడుములు మాకు కొత్త కాదు. రాతిలోని కాల్షియం ఫ్లోరైడ్ నీళ్ళలో కొద్దిగానే కరుగుతుంది. బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్ళలో కాల్షియం సున్నపురాయిగా పేరుకుని దిగిపోతుంది. అప్పుడు లబ్ధం సరిపోవడానికి ఫ్లోరైడ్ ఇంకా కరుగుతుంది. పాఠంలో రెండు గుర్తుల గుణకారం, మా ఇంట్లో తాత నడుము.

నాగపూర్ నీరీ సంస్థ 1970ల్లో రూపొందించిన నల్గొండ పద్ధతిలో వాడేవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. పటిక నుంచి ఏర్పడే జిగురులాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఫ్లోరైడుని పట్టుకుని అడుక్కి దిగుతుంది. మూడూ ఊళ్ళో దొరికే సరుకులే. ఇది ఎవరైనా తెలుగులో, మా నీళ్ళనే ఉదాహరణగా పెట్టి, కెమిస్ట్రీ మొదటి పాఠంగా రాసి ఉంటే బాగుండేది.

మా అమ్మ ఏళ్ళ తరబడి బోరునీళ్ళు కాచి వడబోసి ఇచ్చింది. కాస్తే ఫ్లోరైడ్ పోదనీ, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుందనీ ఒకరోజు చెప్పాను. కాసేపు ఊరుకుని, “ఈ ముక్క అప్పుడే ఎందుకు చెప్పలేదురా?” అంది.