ఒక్క రింగు – క్షేమం!

"వదినా! మీ తమ్ముడికి ఏ ఫోను కొనమంటావు? ఏ సిమ్ము ఎయ్యించమంటావు? బేగి చెప్పు, ఆదివారం బయలెల్లిపోతాడు."

మొన్న సంక్రాంతికి పుట్టింటికి నరసన్నపేట వెళ్ళినప్పుడు మా మరదలు అరిసెల పళ్ళెం నా ముందు పెట్టి అడిగిన ప్రశ్న ఇది. నేను నవలలు రాసుకునేదాన్ని, బి.ఏ.లో హిస్టరీ వెలగబెట్టినదాన్ని. పానిపట్టు యుద్ధాలెప్పుడు జరిగాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ, ఫోన్ల సంగతి నాకేం తెలుసు? అయినా పెద్దాడపడుచునయ్యాక తెలియదంటే పరువేం దక్కుతుంది? "ఆలోచించి చెబుతాలే" అన్నాను గంభీరంగా.

మా తమ్ముడు లారీ నడుపుతాడు. మా ఊరివాళ్ళకి ఇదేం వింత కాదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు మా ఊరిని ఆనుకునే పోతుంది. అది ఒకప్పుడు 5వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 16 అయింది. రైలెక్కాలంటే తిలారు స్టేషను దాకా పోవాలి గానీ, లారీ అయితే గుమ్మం దిగితే చాలు. ఇన్నాళ్ళూ మావాడు విశాఖపట్నం దాకా వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేవాడు. ఈ ఏటినుంచి కలకత్తా లైనుకి మారాడు. ఇక నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదే కాపురం.

ఇప్పుడు చెప్పండి, మరదలు అడిగింది ఫోను సంగతేనా? "ఆయన ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో, నాకు ఎలగ తెలుస్తుంది?" అని కదూ!

పెరటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్క తీస్తున్న మా అమ్మ, "మీ నాన్న రోజుల్లో ఏ ఫోనుండీదే? ఎలగో తెలిసేది కాదా?" అంది. నాన్నదీ లారీ బతుకే. అమ్మ అన్న ఆ "ఎలగో" అన్న మాట పట్టుకుని నా హిస్టరీ బుర్ర వెనక్కి నడిచింది.

మా ముత్తాతల కాలంలో ఈ ప్రాంతంలో బతుకుతెరువంటే రంగం పోవడమే. రంగమంటే రంగూను. మాకు దగ్గరి కళింగపట్నం రేవునుంచీ, బారువనుంచీ స్టీమర్లెక్కి వేలమంది బర్మా పోయేవారు. ఇంటికి ఆడవాళ్ళకి తెలిసేదల్లా పోస్టు జవాను సంచీలో వచ్చేదే. 1879లో మన దేశంలో పోస్టుకార్డు పుట్టింది. ఖరీదు అణాలో పావు వంతు, అంటే ఒక కానీ. రాసేవాడికి చదువు రాకపోతే రాసిపెట్టేవాడు కావాలి, చదివేదానికి రాకపోతే చదివిపెట్టేవాడు కావాలి. మొగుడూ పెళ్ళాల మధ్య ఇద్దరు పరాయివాళ్ళు! 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూను మీద బాంబులు వేశారు. ఉత్తరాలు ఆగిపోయాయి. లక్షలమంది అడవులూ కొండలూ దాటి కాలినడకన బయలుదేరారు, దారిలో ఎంతోమంది పోయారు. ఇక్కడ గుమ్మాల్లో కూర్చున్న ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోవాలో తుడుచుకోవాలో తెలియక నెలలకి నెలలు గడిపారు. వార్త అందకపోవడమంటే ఏమిటో వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు.

అంతకంటే వెనక్కి పోతే ఇంకో విచిత్రం. ఇంగ్లండులో 1840కి ముందు ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే ఇచ్చుకునేవారు. అదీ దూరాన్నిబట్టి! తపాలా సంస్కరణ తెచ్చిన రోలండ్ హిల్, కవి కోల్‌రిడ్జ్ చూసిన ఒక సంగతిని ఉదాహరించాడు. ఒక పేదరాలికి అన్నయ్య దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఒక షిల్లింగు ఇమ్మన్నాడు జవాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి వద్దని వెనక్కి ఇచ్చేసింది. కోల్‌రిడ్జ్ జాలిపడి తన డబ్బిచ్చి ఉత్తరం ఇప్పించాడు. జవాను అటు తిరగ్గానే ఆవిడ కవరు విప్పి చూపించింది. లోపల తెల్లకాగితం! "అన్నయ్య క్షేమంగా వుంటే మూడు నెలలకోసారి ఇలా ఖాళీ ఉత్తరం పంపుతాడు బాబూ, అది చూస్తే చాలు నాకు" అందట.

ఇది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ ఖాళీ ఉత్తరమే మా ఇంట్లో మిస్డ్ కాల్!

మన దేశంలోనూ 1854లో బిళ్ళలు వచ్చి, దూరమెంతైనా తేలికపాటి ఉత్తరానికి అర్ధణా అన్నారు. బిళ్ళ అంటించకపోతే అందుకున్నవాళ్ళు రెట్టింపు ఇచ్చుకోవాలి. అదే బేరింగు ఉత్తరం. మీ ఇళ్ళల్లో అమ్మమ్మలనడిగి చూడండి, కథలు కథలుగా చెబుతారు.

ఆ తర్వాత టెలిగ్రాం. పెళ్ళికైనా చావుకైనా ఒకటే, గుమ్మంలో "తంతి" అన్న కేక వినిపిస్తే ముందు ఏడుపు, ఆ తర్వాతే చదవడం. 2013 జూలైలో ఆ టెలిగ్రాం తానే చచ్చిపోయింది. దానికెవరూ ఏడవలేదు పాపం!

ట్రంకాల్ సంగతి చెప్పనక్కర్లేదు. బుక్ చేసి పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చోవడమే. ఆపరేటరు అక్కర్లేకుండా వేరే ఊరికి నేరుగా నంబరు తిప్పుకునే ఎస్.టి.డి. మన దేశంలో 1960లోనే కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది గానీ, మా రోడ్డు మీదకి అది పసుపుపచ్చ బోర్డుల రూపంలో రావడానికి 1980లు దాటిపోయాయి. 1984లో పుట్టిన సి-డాట్ సంస్థ దుమ్ముకీ ఎండకీ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలు తయారుచెయ్యడం, శ్యాం పిట్రోడా లాంటివాళ్ళు వీధివీధికీ ఫోను బూతులుండాలని పట్టుబట్టడం – ఈ రెండింటి పుణ్యం అది. రాత్రి బాగా పొద్దుపోతే రేటు తగ్గేది. నాన్న ఒరిస్సాలో ఏ దాబా పక్కనో రాత్రి పదకొండుదాకా మేలుకుని, పక్కింటి మాస్టారి ఫోనుకి చేసేవారు. మాస్టారి భార్య గోడ మీంచి పిలిస్తే అమ్మ జారుముడి సర్దుకుంటూ పరుగెత్తేది. మాట్లాడేది ఏమిటనుకున్నారు? "ఆఁ. ఆఁ. సరే. పెట్టెయ్యండి." అంతే! మీటరు ఎర్రటి అంకెలు అవతల నాన్న కళ్ళముందు పరుగెత్తేవి మరి.

సెల్‌ఫోను మన దేశంలో 1995 జూలై 31న మోగింది. కలకత్తానుంచి జ్యోతిబసు, ఢిల్లీలో వున్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడారు. అప్పట్లో చేసినవాళ్ళకీ ఖర్చే, ఎత్తినవాళ్ళకీ ఖర్చే. మళ్ళీ బేరింగు ఉత్తరాల రాజ్యమే! 2003 మే నెలనుంచి ఎత్తినందుకు డబ్బుల్లేవన్నారు. మర్నాటికల్లా దేశమంతా కూరగాయల బండివాళ్ళ చేతికి సెల్లు వచ్చింది. 2004లో నాన్నా ఒకటి కొన్నారు.

కానీ ఇక్కడో మెలిక. ఫోను కంపెనీల లెక్కలో మన రాష్ట్రం ఒక సర్కిలు, ఒరిస్సా ఇంకో సర్కిలు. లారీ ఇచ్ఛాపురం దాటిందంటే పరాయి సర్కిలే, రోమింగే. అక్కడ ఎత్తినా డబ్బే. అందుకని నాన్న, అమ్మ ఒక భాష కనిపెట్టుకున్నారు. ఒక్క రింగు ఇచ్చి ఆపేస్తే ఇచ్ఛాపురం దాటాను. రెండు రింగులైతే లోడు దింపాను. మూడైతే తిరుగు ప్రయాణం, వంట చేసి వుంచు. నాలుగో రింగు వినబడిందంటే మాత్రం ఎత్తాలి. ఏదో అయిందన్నమాట.

అన్నేళ్ళలో నాలుగో రింగు ఒక్కసారే మోగింది. అర్ధరాత్రి. అమ్మ ఫోను పక్కనే నిలబడి వుంది గానీ చెయ్యి చాపలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది. నేనే ఎత్తాను. అవతల లారీల మోత, మధ్యలో నాన్న గొంతు: "ఏమీ లేదమ్మా... ఊరికే చేశాను. అమ్మ పడుకుందా?" ఏమైందో మర్నాడు గానీ తెలియలేదు. ఆయన ముందు పోతున్న లారీ చెట్టుని గుద్దేసిందట. అందులో కుర్రాణ్ణి బయటికి లాగింది నాన్నేనట. ఆ రాత్రి ఆయనకి చెప్పవలసిన వార్తేమీ లేదు, మా గొంతు వినాలంతే. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ "ఊరికే" మాత్రం నా చెవిలో ఇంకా వుంది.

ఆ తర్వాత రోజులు చకచకా మారాయి. 2011 జనవరినుంచి నంబరు మార్చుకోకుండానే కంపెనీ మార్చుకోవచ్చన్నారు. 2015 జూన్‌లో బి.ఎస్.ఎన్.ఎల్. రోమింగులో ఎత్తినా డబ్బుల్లేవంది. ఒకటి రెండేళ్ళలో మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి, మాటలకి లెక్కే లేకుండా చేసింది. ఇచ్ఛాపురం దగ్గర గీత చెరిగిపోయింది. రోలండ్ హిల్ కల మళ్ళీ నిజమైంది. దూరానికి ధర లేదు!

ఇంక చింతేముంది అనుకున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర వజ్రపుకొత్తూరు ప్రాంతంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ, జీడిమామిడి తోటలూ వరసగా కూలిపోయాయి. కరెంటు స్తంభాలు నేలకి ఒరిగాయి. కరెంటు లేకపోతే టవర్లకి బ్యాటరీ, జనరేటరూ దిక్కు. జనరేటరుకి డీజిలు తెచ్చే దారి మీద చెట్లు పడివుంటే అదీ ఎంతసేపు? మా తమ్ముడు ముందురోజే పలాసలో జీడిపప్పు లోడుకి వెళ్ళాడు. మామూలు రోజుల్లో గంటన్నర దూరం. రెండు రోజులు వాడి ఫోను పలకలేదు. కంపెనీ పేరెందుకులెండి. మా మరదలు ఏడు నెలల గర్భిణి. ఫోను చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుంది, అన్నం ముట్టలేదు. మూడోనాడు తెలియని నంబరునుంచి ఫోను! ఎవరో పరాయి రాష్ట్రం డ్రైవరు దగ్గర వేరే కంపెనీ సిమ్ము ఒక్క గీత సిగ్నలు చూపిస్తే, మావాడు అడిగి పుచ్చుకుని చేశాడు. "బాగున్నాను" అన్న ఒక్క మాటకే కట్టయిపోయింది. ఆ మాట చాలింది.

అదే ఏడాది నవంబరులో, గుజరాత్ తీరంలో వేటకి వెళ్ళిన మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్‌వారికి చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించారు. నడిసముద్రంలో ఏ కంపెనీ టవరూ పలకదు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు రంగూను కాలంనాటి ఎదురుచూపే చూశారు.

ఇదంతా తలచుకున్నాక మరదలికి జవాబు చెప్పగలిగాను. సినిమాతార చేతిలో వున్న ఫోను చూసి కొనకు. రోజంతా ఆగే బ్యాటరీ, ఎండలోనూ కనబడే తెర, ఇంజను మోతలోనూ వినబడే గంట – మూడూ చూసుకో. రెండు సిమ్ములకి చోటుండాలి. రెండూ వేరువేరు కంపెనీలవి కావాలి. కొన్ని ఫోన్లలో మెమరీ కార్డు పెడితే రెండో సిమ్ముకి చోటుండదు, అడిగి మరీ తీసుకో. ఏ కంపెనీ అన్నది నన్నూ, టి.వి. ప్రకటననీ కాదు, ఆ రోడ్డు మీద రోజూ తిరిగే నలుగురు డ్రైవర్లని అడుగు. మన వీధిలో బాగా పలికే సిమ్ము బాలేశ్వరం దాటాక మూగబోవచ్చు. ఒకే టవరు మీద ఇద్దరు ముగ్గురు అద్దెకుంటారు కాబట్టి తుఫానులో రెండు సిమ్ములూ పోవచ్చు. అందుకని ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసి లైసెన్సుతోపాటు పెట్టించు. తన ఫోను చచ్చినా పరాయి ఫోనుతో పని జరగాలి కదా! దారి చూపే మ్యాపు ఇంట్లో వుండగానే ఫోన్లోకి దింపుకోమను. సిగ్నలు లేకపోయినా ఉపగ్రహం దారి చూపిస్తుంది. రోడ్డు మీద ఆపదొస్తే 1033, ఏ ఆపదకైనా 112.

"మరి ఫోన్లో ఆయనెక్కడున్నాడో చుక్కలాగ కనబడుతుందట కదా వదినా? అది పెట్టించీదా?" అంది మరదలు ఆశగా.

పెట్టించాం. నాలుగు రాత్రులు అది నిద్రపోతే ఒట్టు! చుక్క కదిలితే "అయ్యో, ఇంకా పడుకోలేదు", ఆగితే "అయ్యో, ఏటైపోయింది?" ఒక రాత్రి భద్రక్ దగ్గర చుక్క మూడు గంటలు ఆగిపోతే ఇరవైసార్లు ఫోను చేసింది. మావాడు లారీ పక్కకి పెట్టి హాయిగా నిద్రపోతున్నాడు. ఇంకో రోజు వంతెన మీద, ట్రాఫిక్కులో వుండగా మోగిన ఫోనుకేసి చూడబోయి, ముందు బండికి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడట. ఆ సంగతి వాడే చెప్పాడు, తల దించుకుని.

అప్పుడు అమ్మ కలగజేసుకుంది. "దానికేటి చుక్కలూ, చుక్కల ముగ్గులూ! నువ్వు ఆడికి ఫోను చెయ్యకు. ఆడే బండి ఆపి ఒక్క రింగు ఇస్తాడు. నువ్వు ఎత్తకు" అంది.

"ఇప్పుడు మాటలకి డబ్బుల్లేవు కదత్తా?" అంది మరదలు.

"డబ్బుల్లేవని డ్రైవరుతో మాటాడితే ఎలగ?" అంది అమ్మ.

నేను తిరిగి వచ్చిన వారానికి మరదలు ఫోను చేసింది. తొమ్మిది గంటలవేళ. మాట్లాడుతూ మాట్లాడుతూ, "వుండు వదినా" అని ఆగింది. వెనకాల అమ్మ ఫోను ఒక్కసారి మోగి ఆగిపోవడం నాకూ వినిపించింది.

"ఇచ్ఛాపురం దాటేడు" అంది మరదలు. "ఇంక అన్నం తింటాను."