పుస్తకం ఇల్లు మారితే...

సెమిస్టరు మొదట్లో ప్రొఫెసరు గారు యూనివర్సిటీ లైబ్రరీ సైటులో ఒక ఈ-పుస్తకం తెరిచి, బ్రౌజరు పైన కనబడే చిరునామాని కాపీ చేసి కోర్సు పేజీలో అతికిస్తారు. ఆయనకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మర్నాడు పిల్లలు నొక్కితే సెషన్ అయిపోయిందని వస్తుంది. మనబోటి వాళ్ళకి కారణం ఇట్టే తెలిసిపోతుంది: చాలాసార్లు ఆ చిరునామాలో ఉండేది పుస్తకం గుర్తు కాదు, ఆయనగారి సెషన్ నంబరు. కానీ ఈ చిన్న తలనొప్పి వెనకాల పెద్ద కథే ఉంది.

మన వృత్తిలో ఏ చిక్కొచ్చినా మధ్యలో ఇంకో పొర వేసేస్తాం కదా, లైబ్రరీ వాళ్ళూ అదే చేశారు. అమెరికాలో లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ 1995లో 'పర్ల్' అనే పద్ధతి తెచ్చింది. లంకె నేరుగా పుస్తకం దగ్గరికి పోదు, ఒక మధ్యవర్తి దగ్గరికి పోతుంది. పుస్తకం ఇప్పుడు ఎక్కడుందో చూసి అది అక్కడికి పంపిస్తుంది. పుస్తకం కదిలితే పట్టికలో ఒక్క వరుస మారిస్తే చాలు. 1998లో డీఓఐ ఫౌండేషన్ పుట్టింది. దాని అడుగున ఉన్నది టీసీపీ/ఐపీ సృష్టికర్తల్లో ఒకడైన రాబర్ట్ కాన్ సంస్థ తయారుచేసిన 'హ్యాండిల్' వ్యవస్థ.

ఇక రెండో చిక్కు తాళం. ప్రచురణకర్త సర్వరు క్యాంపస్ ఐపీ చూసి తలుపు తీస్తుంది, ఇంటినుంచి వస్తే తియ్యదు. 1999లో అరిజోనాలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ క్రిస్ జగార్ దీనికోసం 'ఈజీప్రాక్సీ' రాశాడు. లంకె ముందు యూనివర్సిటీ ప్రాక్సీ చిరునామా తగిలిస్తే, విద్యార్థి లాగిన్ అయ్యాక ప్రాక్సీయే వెళ్ళి పుస్తకం తెస్తుంది. కాబట్టి కోర్సుకి పెట్టే స్థిరమైన లంకె అంటే ముందు ప్రాక్సీ, వెనక శాశ్వత చిరునామా. అన్నట్టు, ఐటీ విభాగం ప్రాక్సీ సర్వరు పేరు మార్చి పాతపేరు నుంచి దారి పెట్టకపోతే అన్ని కోర్సుల లంకెలూ ఒకేసారి పోతాయి!

సరే, ఇవన్నీ సరిగ్గా చేస్తే పుస్తకం ఉంటుందా? నెట్‌లైబ్రరీ సంగతి చూడండి. 1998లో మొదలైన ఈ-పుస్తకాల కంపెనీ 2001లో దివాలా తీసింది. 2002లో ఓసీఎల్‌సీ కొనుక్కుంది, 2010లో ఎబ్స్కోకి అమ్మేసింది. పుస్తకాలు అవే, ఇంటి యజమానులు మాత్రం ముగ్గురు. 2022 ఆగస్టు చివర్లో వైలీ ఇంకో అడుగు ముందుకేసి, సరిగ్గా చదువులు మొదలయ్యే వేళకి, ప్రోక్వెస్ట్ చందా సంపుటి నుంచి 1,300కి పైగా ఈ-పుస్తకాలు తీసేసింది. గొడవయ్యాక తాత్కాలికంగా మళ్ళీ పెట్టారు. అక్కడ లంకెలో దోషమేమీ లేదు, పోయింది హక్కు. డబ్బుపెట్టి కొన్న అచ్చు పుస్తకాన్ని బీరువాలోంచి ఎవరూ అలా పట్టుకుపోలేరు కదా!

మనకీ ఈ అనుభవం ఉంది. రాజ్‌రెడ్డి గారి చొరవతో వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ సైట్లు మూతపడ్డాక అక్కడికిచ్చిన లంకెలన్నీ చచ్చిపోయాయి. పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. అక్కడ వాటి గుర్తింపులో పాత సైటు పేరూ, నంబరూ ఇంకా కనిపిస్తాయి. అలా గుర్తు నిలబెట్టబట్టే ఏ పుస్తకం ఎక్కడిదో పోల్చుకోగలుగుతున్నాం.

చివరికి పర్ల్ బాధ్యత కూడా 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ చేతికే వెళ్ళింది. శాశ్వతమన్నదాన్ని కూడా ఎవరో ఒకరు జీతమిచ్చి కాపాడాల్సిందే. మీలో ఎవరైనా పాఠాలు చెప్తుంటే మాత్రం, పై చిరునామా కాకుండా లైబ్రరీ ఇచ్చే శాశ్వత లంకెనే తీసుకోండి, క్యాంపస్ బయటినుంచి ఒకసారి నొక్కి చూడండి. అంతకంటే ముఖ్యంగా, ఆ పుస్తకం కొన్నదా, చందాదా అని లైబ్రేరియన్ని అడగండి. చందాదైతే సెమిస్టరు మధ్యలో మాయమవ్వచ్చు, పరీక్ష తేదీ మాత్రం మారదు.