ఫ్యాన్ బెల్టు నుంచి పాము బెల్టు దాకా: బేతంచెర్ల రోడ్డు మీద నేర్చుకున్న చరిత్ర

మా బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల పక్కన పొద్దున కారు ఆపితే సాయంత్రానికి బానెట్ మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ రాతిపొడి బానెట్ కిందికీ పోతుంది. పోయిన ఎండాకాలం బనగానపల్లె నుంచి ఇంటికొస్తుంటే మా డీజిల్ కారు కీచుమని అరిచింది. బ్యాటరీ లైటు వెలిగింది, స్టీరింగు బిగుసుకుపోయింది. బెల్టు తెగింది. ట్రాక్టరుకు తాడు కట్టి దగ్గర్లోని షాపుకు లాగించి కొత్తది వేయించాను. పది కిలోమీటర్లు పోయానో లేదో, టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. వెంటనే ఆపేశా. బెల్టు కొత్తదే, బిగుతుగానే ఉంది. మరి తప్పెక్కడ? ఇది అర్థం కావాలంటే నూరేళ్లు వెనక్కి పోవాలి.

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఫ్యాన్‌ను తిప్పింది ఒక తోలు పట్టా. పాత రైస్ మిల్లుల్లో షాఫ్టు నుంచి మిషన్‌కు వేసే పట్టా చూసినవాళ్లకు దాని గుణం తెలుసు. తడి తగిలినా, నూనె పడినా జారుతుంది.

1911లో అమెరికాలోని డెన్వర్‌లో చార్లెస్ గేట్స్ అనే ఆయన ఒక చిన్న తోలు కంపెనీ కొన్నాడు. టైర్ల మీద తొడిగే తోలు కవర్లు చేసేవాళ్లు. ఆయన తమ్ముడు జాన్ గేట్స్ 1917లో రబ్బరు, నూలు కలిపి వి ఆకారంలో బెల్టు చేశాడు. కిటుకంతా ఆ ఆకారంలోనే ఉంది. చెక్కలో చీల దిగినట్టు, లోడు పెరిగేకొద్దీ బెల్టు పుల్లీ గాడిలోకి ఇంకా దిగి రెండు పక్కలా పట్టుకుంటుంది.

మన అంబాసిడర్‌లో ఉన్నది ఇదే. ఒకే బెల్టు ఫ్యాన్‌నీ, వాటర్ పంపునీ, డైనమోనీ తిప్పేది. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చేసరికి ఫ్యాన్‌కు కరెంటు మోటారు పెట్టారు. బెల్టుకు వాటర్ పంపు, ఆల్టర్నేటర్ మిగిలాయి. మూడు పుల్లీలు, ఒక త్రికోణం. తప్పుదారిన వేద్దామన్నా కుదరదు! ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, రాడ్డుతో ఎత్తిపట్టి, బొటనవేలితో నొక్కితే ఒక సెంటీమీటరు దిగేలా బిగిస్తే పని అయిపోయినట్టే. ఇలాంటి బెల్టు తెగితే తాడు ముడేసి ఇల్లు చేరామని పాత డ్రైవర్లు ఇప్పటికీ చెబుతారు.

తర్వాత ఏసీ వచ్చింది, పవర్ స్టీరింగ్ వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో బెల్టు. అన్నిటికంటే లోపలిది తెగితే బయటివన్నీ విప్పాలి. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో దీనికి మందు దొరికింది: అన్నిటినీ తిప్పే ఒకే పొడవాటి బెల్టు. మెలికలు తిరుగుతుంది కాబట్టి సర్పెంటైన్, అంటే పాము బెల్టు. మందపాటి వి బెల్టు వెనక్కి వంగదు. ఇది పల్చన, లోపలివైపు సన్నటి గాళ్లు. రెండువైపులా వంగుతుంది కాబట్టి వీపుతో కూడా పుల్లీని తిప్పగలదు. స్ప్రింగ్ టెన్షనర్ ఉంటుంది, రాడ్డుతో ఎత్తే పనే లేదు. (టైమింగ్ బెల్టు వేరే, దీనితో కలపొద్దు.)

మంచిదే. కానీ తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇంకోటి, నా కొంప ముంచబోయింది: దారి. గాళ్లవైపు తిరిగే పుల్లీ ఇంజిను తిరిగే వైపే తిరుగుతుంది, వీపు తగిలే పుల్లీ దానికి ఎదురు తిరుగుతుంది. నా కారులో వాటర్ పంపును తిప్పేది బెల్టు వీపు. షాపులో దాన్ని పుల్లీకి అవతలివైపు నుంచి వేశారు. పంపు ఉల్టా తిరిగింది. అలా తిరిగినా నీళ్లు కొంచెం కదులుతాయి గానీ, మా ఎండకు చాలవు. ఇంకాస్త దూరం తోలి ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయేది. దారి చూపించే స్టిక్కర్ బానెట్ కింద ఎప్పుడో ఊడిపోయింది.

బేతంచెర్లలో మా మెకానిక్ అన్న టార్చి వేసి రెండు నిమిషాల్లో పట్టేశాడు. "గాళ్ల పుల్లీ మీద గాళ్లు, నున్న పుల్లీ మీద వీపు. ఎక్కడ తేడా వచ్చినా దారి తప్పినట్టే తమ్ముడూ" అన్నాడు. బెల్టు వీపు మీద నంబరు కూడా చదివించాడు. 6పీకే అని ఉంటే ఆరు గట్లు, దాని పక్కన పొడవు మిల్లీమీటర్లలో.

పాత నియోప్రీన్ బెల్టు ముసలిదైతే బీటలు పడేది, చూడగానే తెలిసేది. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా బీటలివ్వదు, టైరులా గట్లు అరుగుతాయి. రాతిపొడి ఉన్నచోట ఇంకా త్వరగా. అందుకే పైకి బాగుందని వదిలేయకండి, గాళ్ల లోతు చూడండి. విప్పే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసుకోండి. నా కారులో స్టిక్కర్ పోయిన చోట ఇప్పుడు అన్న మార్కర్‌తో గీసిన బొమ్మ ఉంది.