మా యింటి క్రిస్మసు పంక్తి

చరిత్ర యనగానే పట్టాభిషేకములును యుద్ధములును మనకు స్ఫురించును. కాని పల్లెలోని యొక యింటి పండుగకును చరిత్ర కలదు. నా చిన్ననాట మోర్తాడులో మా కుటుంబము జరుపుకొనిన క్రిస్మసును గూర్చి నేడు మీతో రెండు మాటలు ముచ్చటించెదను.

మోర్తాడు నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరు ప్రాంతమున నున్నది. అది పసుపు పండు నేల. వానకాలపు మొదట నాటిన పసుపు డిసెంబరునకు ఆకు పండబారుచుండును. కాని దానిని త్రవ్వి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టి బజారునకు చేర్చుసరికి ఎండలు ముదురును. అనగా మా పండుగ చేతిలో పైకము లేని దినములలో వచ్చెడిది. "పసుపు అమ్మినంక ఇస్త" నని చెప్పి మా నాయన గుడ్డ అరువు తెచ్చువాడు. ఒకే తానులో మా అన్నదమ్ములందరికిని అంగీలు కుట్టబడెడివి.

పండుగకు వారము ముందే మా అవ్వ గోడలకు సున్నము, అరుగులకు ఎర్రమన్ను పూసెడిది. మా పెద్దన్న వెదురు బద్దలతో నక్షత్రము కట్టి, రంగు కాగితము లంటించి, లోపల దీపము పెట్టువాడు. రాత్రివేళ లాంతరు వెలుగున, డప్పులతో, ఇంటింటికి తిరిగి పాడెడివారము. 1803లో జన్మించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చదువు రాని మా నాయనమ్మకు సైతము కంఠస్థములు.

ఆమె పుట్టినిల్లు మెదకు సీమ. అచట వెస్లియను మిషను దొర చార్లెస్ వాకర్ పాస్నెట్‌గారు కరవు కాలమున పేదలకు పని కల్పించి, తిండి పెట్టి, గొప్ప దేవాలయమును కట్టించిరి. 1924 డిసెంబరు 25వ తేదీన, సరిగా క్రిస్మసునాడే, అది ప్రతిష్ఠింపబడెను. దాని గోపురము ఎత్తు 175 అడుగులు. మా నాయనమ్మ తండ్రి యచట రాళ్లు మోసెనట. ఆమెకు గోపురముకంటె ఆ కూలి గింజలే జ్ఞాపకము. "ఆ గింజలతోనే బతికినం బిడ్డా" అనెడిది. కావుననే క్రిస్మసునాడు మా గడప తొక్కినవారెవరును తినకుండ పోరాదని ఆమె నియమము.

అయితే మా వంట తినని యిండ్లు ఊరిలో పెక్కు. ఆ యిండ్లకు సకినాలు, అరిసెలు పంపుటకు వీలులేక బియ్యమును బెల్లమును పంపెడివారము. ఆ దినములలో కొన్ని వాకిళ్లయందు మాకు నీళ్లు పైనుండి దోసిట పోసెడివారు. దానిని దలచి మా నాయన లోలోన కుములుచుండువాడు.

ఇక డిచ్‌పల్లి మాట. 1907లో భారతదేశమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్‌గారును, ఆమె భర్త జార్జి కెర్‌గారును, 1915లో అచట కుష్ఠురోగుల వైద్యశాలను స్థాపించిరి. అందులకు ధనసహాయము చేసినవారు రాజా నర్సాగౌడుగారు. ఆయన క్రైస్తవుడు కాడు. మొదట చాల్మోగ్ర నూనె సూదిమందే వారి ఆయుధము. 1940 తరువాత డాప్సోను మాత్రలు వచ్చెను. ఈ రోగము శాపము కాదనియు, సూక్ష్మజీవి వలన కలుగుననియు నార్వే దేశపు హాన్సెన్‌గారు 1873లోనే కనుగొనిరి. ఆ సంగతి పల్లెలకు చేరుటకు మాత్రము చాల కాలము పట్టెను.

నాకు పదియేండ్ల ప్రాయమున, 1950 దశకము చివర, మా బంధువొకడు డిచ్‌పల్లిలో మందు తిని, రోగము కుదిరి, క్రిస్మసునాడు మా యింటికి వచ్చెను. కుదిరినను అతని వ్రేళ్లు వంకరపోయి యుండెను. మా నాయన అతనిని ఆదరించెను గాని, విస్తరి మాత్రము బయట అరుగుమీద వేయించెను. పంక్తిలో నుండి నేను చూచితిని. నాకును అదియే మేలనిపించినది.

నాయనమ్మ వంటయింటినుండి వచ్చి చూచెను. కేకలు వేయలేదు. తన విస్తరి చేతబట్టుకొని అరుగుమీదికి పోయి అతని ప్రక్కన కూర్చుండెను. "మనకు పైనుంచి నీళ్లు పోస్తె ఏడిస్తివి గద కొడుకా, నువ్వు జేసిందేంది?" అని మెల్లగా నడిగెను. మా నాయన మారు పలుకలేదు. లేచి, అతని చేయి పట్టుకొని లోనికి తీసికొనివచ్చి, నాకును తనకును నడుమ కూర్చుండబెట్టెను. అతడు ఆ వంకర వ్రేళ్లతోనే అరిసె త్రుంచి సగము నా విస్తరిలో వేసెను. నేను ఒక క్షణము వెనుదీసి, పిదప తింటిని. ఆ క్షణమును తలచిన నాకిప్పటికిని సిగ్గు కలుగును.

నాటినుండి మా యింట ప్రతి క్రిస్మసునకును మొదటి విస్తరి అతనిదే. అతడు పోయిన పిదప ఆ విస్తరి, ఆనాడు వచ్చిన వారిలో ఎవరిని పిలుచుటకు లోకము జంకునో వారికి దక్కుచున్నది. నాయనమ్మ లేదు, వెదురు నక్షత్రము లేదు. అంగీలు ఇప్పుడు బజారులోనే కుట్టి వచ్చుచున్నవి. ఆ విస్తరి మాత్రము నిలిచినది.

పెద్దలారా, మీ పండుగ ఏదైనను కానిండు, మీ పంక్తిలో బయట మిగిలినవారెవరో ఒక్కసారి చూడుడు. మెదకు గోపురమును అందరును చూచెదరు. మా యరుగుమీది విస్తరిని చూచినవారు కొందరే. నా మట్టుకు రెండును చరిత్రయే.