కొరియా స్వాతంత్ర్యోద్యమంలో ప్రవాస క్రైస్తవులు

1903 జనవరి 13న హోనొలులు రేవులో ‘గేలిక్’ ఓడ దిగిన కొరియన్లు వందకు పైచిలుకు. హవాయి చెరకు తోటల్లో కూలికి వచ్చారు. మిషనరీ జార్జ్ హెబర్ జోన్స్ ప్రోత్సాహంతో బయలుదేరిన ఇంచాన్ మెథడిస్టు విశ్వాసులే వీరిలో చాలామంది. 1905కల్లా ఇలా వచ్చినవారు 7,000 దాటారు. ఆ ఏడే కొరియా జపాన్ రక్షిత రాజ్యమైంది, 1910లో పూర్తిగా దాని ఏలుబడిలోకి పోయింది. తమ తరఫున మాట్లాడే ప్రభుత్వం లేని ఈ కూలీలకు చర్చే పెద్ద దిక్కయింది. ప్రార్థన, పిల్లలకు మాతృభాష చదువు, ఉద్యమ చందా, అన్నీ అక్కడే. నెలకు పదహారు డాలర్ల కూలిలోంచే ఆ చందా తీసి ఇచ్చేవారు.

స్వాతంత్ర్యం ఎలా రావాలన్నదానిపై మాత్రం వారికి ఏకాభిప్రాయం లేదు. 1908 మార్చిలో, జపాన్ పెత్తనాన్ని సమర్థించిన అమెరికన్ డర్హామ్ స్టీవెన్స్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలో కొరియన్లు కాల్చి చంపారు. విచారణలో నిందితులకు దుబాసీగా ఉండమంటే, క్రైస్తవుడిగా హత్యను సమర్థించలేనని సింగ్‌మన్ రీ తప్పుకున్నాడు. రీ సొంత దేశపు జైల్లో ఉండగా క్రైస్తవం స్వీకరించినవాడు, తర్వాత ప్రిన్స్‌టన్‌లో డాక్టరేట్ పొందాడు. అమెరికా మనసు గెలిస్తే పని అవుతుందని అతని నమ్మకం. పాక్ యోంగ్‌మన్ మాత్రం హవాయిలో యువకులకు సైనిక శిక్షణ ఇచ్చాడు. కాలిఫోర్నియాలో ఆన్ చాంగ్‌హో ముందు మనిషి బాగుపడాలన్నాడు, 1913లో హుంగ్‌సాదాన్ అనే సంఘం స్థాపించాడు.

1919 మార్చి 1న సోల్‌లో వెలువడిన స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన 33 మందిలో 16 మంది క్రైస్తవులు. ఆ కబురుతో ప్రవాసులు కదిలారు. ఏప్రిల్ 14 నుంచి మూడు రోజులు ఫిలడెల్ఫియాలో ప్రవాస నేత సో జేపిల్ ఆధ్వర్యంలో కొరియన్ల మహాసభ జరిగింది. చివరి రోజు ప్రతినిధులు ఇండిపెండెన్స్ హాలుకు ఊరేగింపుగా వెళ్లగా, రీ అక్కడ ఆ స్వాతంత్ర్య ప్రకటన చదివాడు. స్థానిక పాస్టర్ ఫ్లాయిడ్ టామ్‌కిన్స్ కొరియా మిత్రుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సానుభూతి దొరికింది కాని, కొరియా స్వాతంత్ర్యానికి వాషింగ్టన్ గుర్తింపు దొరకలేదు. జపాన్‌తో సంబంధాలు చెడగొట్టుకునే ఉద్దేశం అమెరికాకు లేదు మరి.

అంతకుముందే వర్గపోరు చర్చినీ చీల్చింది. మెథడిస్టు మిషన్‌తో తగవుపడిన రీ 1918లో హోనొలులులో వేరే కొరియన్ క్రైస్తవ చర్చి పెట్టాడు. 1938లో కట్టిన దాని మందిరానికి ముఖద్వారం సోల్ రాజప్రాసాదపు గ్వాంగ్‌హ్వామున్ సింహద్వారం నమూనాలో ఉంటుంది. ప్రవాస కొరియన్లు షాంఘైలో నెలకొల్పిన తాత్కాలిక ప్రభుత్వానికి అధ్యక్షుడిగా ఉన్న రీని 1925లో ఆ ప్రభుత్వమే అభిశంసించి తొలగించింది. 1948లో అతనే దక్షిణ కొరియా తొలి అధ్యక్షుడయ్యాడు. 1960లో విద్యార్థుల తిరుగుబాటుతో గద్దె దిగి హవాయికే వెళ్లి, 1965లో అక్కడే చనిపోయాడు.