అడిగినోళ్ల చరిత్ర ఎక్కడ అచ్చేయాలె?

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో నలభై దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగినయి. నలభై తరి, నలభై ఖుష్కి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నాడు. ఇచ్చినాయన పేరు చరిత్రకెక్కింది. అడిగినోళ్లు 'హరిజనులు' అనే ఒక్క మాటలో మిగిలిపోయారు.

వాళ్ల మాటల్లోనే ఆ చరిత్ర రాయాలని మాలో ఒకడు వాడకట్టు తిరిగి సాక్ష్యాలు సేకరించాడు. ఆ వ్యాసం ఏమైందో చెప్పాలంటే యూజీసీ దగ్గర మొదలుపెట్టాలె. పీహెచ్‌డీ సమర్పించే ముందు ఒక వ్యాసం అచ్చుకావాలని 2009లో నిబంధన పెట్టారు. 2010 నుంచి అధ్యాపకుల ప్రమోషన్లకు వ్యాసాలను పాయింట్లతో లెక్కగట్టారు. ఏం రాసినవని కాదు, ఎన్ని రాసినవని అడిగారు. ఇంకేముంది, డబ్బు తీసుకుని అచ్చేసే దుకాణాలు లేచినయి. మావాడు ఫెలోషిప్ డబ్బు కట్టాడు. నాలుగు రోజుల్లో అచ్చయింది. నలభై కుటుంబాలు నాలుగు వందలైనా చూసిన నాథుడు లేడు. రెండేళ్లకు ఆ పత్రికే మాయమైంది. ఒకసారి అచ్చయిందని మంచి పత్రికలు ముట్టుకోలేదు. సాక్ష్యం చెప్పిన ముసలమ్మ ఇప్పుడు లేదు.

ఇది చిల్లర మోసం కాదు. 2007లో మన హైదరాబాద్‌లో మొదలైన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన సమీక్ష లేకుండా అచ్చేయడం, ఒప్పుకోని వాళ్లను సంపాదకులుగా చూపడం, ఫీజు ముందు దాచడం దాని ఆరోపణలు. 2019లో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది.

దీన్ని చూపి ఓపెన్ యాక్సెస్‌నే తిట్టేవాళ్లున్నారు. మేము ఒప్పుకోం. పరిశోధన ఎవరైనా ఉచితంగా చదవగలగాలని 2002లో బుడాపెస్ట్ ప్రకటన చెప్పింది. యూనివర్సిటీ గేటు దాటిన పిల్లవానికి చందా పత్రికలు మూతపడతయి. శోధగంగలో సిద్ధాంత గ్రంథాలు మాత్రం పోచంపల్లి బడిపంతులుకూ తెరుచుకుంటయి.

యూజీసీ జాబితాలనూ నమ్ముకోలేం. 2018 మేలో 4,305 పత్రికలను తీసేసినప్పుడు బహుజన పత్రిక ఫార్వర్డ్ ప్రెస్ కూడా పోయింది. తర్వాత వచ్చిన కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు. పీహెచ్‌డీకి వ్యాసం తప్పనిసరి అన్నది 2022లోనే పోయింది గనుక ఆదరాబాదరా పడాల్సిన పని లేదు. పంపేముందు పాత సంచికలో రెండు వ్యాసాలు చదవండి. సంపాదకునిగా పేరున్నవారికి ఉత్తరం రాయండి. ఫీజెంతో ముందే అడగండి. ఫీజున్న ప్రతిదీ దొంగది కాదు, ఫీజు లేని మంచివీ చాలా ఉన్నయి.

మావాని దగ్గర ముసలమ్మ మాటల టేపు ఇంకా ఉంది. ఈసారి దాని నకలు ముందు వాడకట్టుకే ఇస్తున్నాం.