కీరదోస శాండ్‌విచ్ (బెంగళూరు)
వెన్న రాసిన తెల్ల బ్రెడ్డు మధ్య పల్చని కీరదోస చక్రాలు పేర్చి, అంచులు కోసేసి, సాయంత్రం టీతో వడ్డించే చిరుతిండి. విక్టోరియా కాలపు ఇంగ్లండు అలవాటిది. బెంగళూరులో దీని నేపథ్యం 1809లో వెలసిన బ్రిటిష్ సైనిక కంటోన్మెంటు. 1868 నాటి బెంగళూరు క్లబ్బు, 1887 నాటి వెస్ట్ ఎండ్ హోటలు ఆ దొరల కాలానివే.

కీరదోసలో 95 శాతం దాకా నీరే. అందుకే చక్రాలకు ఉప్పు పట్టించి, కాసేపాగి, గుడ్డతో అద్దాలి. వెన్న అంచుల దాకా రాయాలి. అదే బ్రెడ్డు నానకుండా ఆపుతుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పుదీనా, కొత్తిమీర సన్నగా తరిగి వెన్నలో కలుపుతారు. కన్నడిగులు అక్కి రొట్టెలో వేసే సబ్బసిగె, అంటే మన సోయికూర, దీనికి ఇంకా బాగా నప్పుతుంది. పచ్చిమిర్చి చట్నీ రాస్తే రుచి పూర్తిగా దేశీయమే. వడ్డించేదాకా తడిగుడ్డ కప్పి ఉంచాలి.